‘గుర్తు తెలియని శవం’ అంటే ఎవరికి గుర్తు తెలియదు?



ఈ పేజీలో మనం సాధారణంగా బ్రతికున్నవారి ఆరోగ్యం గురించి మాట్లాడుకుంటాం. ఈసారి చనిపోయినవారి గురించి, అందునా పేరు లేకుండా చనిపోయినవారి గురించి రాస్తున్నాను. ఈ విషయం మనకెందుకని అనుకోకండి. పేరు లేని శవాన్ని నిర్లక్ష్యం చేసే చోట పేరున్న మనుషులకూ రక్షణ ఉండదు.

జిల్లా పత్రిక లోపలి పేజీల్లో తరచూ ఒక చిన్న ప్రకటన కనబడుతుంది. గుర్తు తెలియని మహిళ మృతదేహం లభ్యమైంది, వయస్సు సుమారు 30 నుంచి 40 సంవత్సరాలు, ఎరుపు రంగు చీర, ఆచూకీ తెలిసినవారు ఫలానా స్టేషన్‌ను సంప్రదించాలి. అదే వారంలో, పక్క జిల్లా ఎడిషన్‌లో మరో ప్రకటన ఉంటుంది. కనబడుట లేదు, వయస్సు 34, చామనఛాయ. మొదటి ప్రకటన చూసినవారు రెండోది చూడరు. రెండోది ఇచ్చినవారికి మొదటిది చేరదు. రెండు స్టేషన్లలో రెండు ఫైళ్లు దుమ్ము పట్టి, కాలక్రమంలో రెండూ మూతపడతాయి. ఆ రెండు ఫైళ్ల మధ్య ఒక హంతకుడు నిశ్చింతగా తిరుగుతూ ఉంటాడు.

చిన్న పట్టణాలలో తేలని నేరాలకు తెలివైన నేరస్తులే కారణమని మనకు సినిమాలు నేర్పాయి. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన నా అభిప్రాయం వేరు. ఎక్కువ కేసులలో నేరస్తుడికి తెలివి అవసరమే రాలేదు. మన నిర్లక్ష్యమే అతనికి సరిపోయింది.

గొర్రెకుంట బావి చెప్పిన పాఠం

2020 మే నెలలో వరంగల్ శివారు గొర్రెకుంటలో ఒక బావి నుంచి రెండు రోజులలో తొమ్మిది శవాలు తీశారు. బెంగాల్ నుంచి గోనె సంచుల పనికి వచ్చి స్థిరపడిన ఒక కుటుంబంతోపాటు మరి ముగ్గురు వలస కూలీలు. వారిలో మూడేళ్ల పసివాడూ ఉన్నాడు. లాక్‌డౌన్ కష్టాలు తట్టుకోలేక సామూహిక ఆత్మహత్య చేసుకున్నారేమోనని మొదట్లో ఊహాగానాలు సాగాయి. భోజనంలో నిద్రమాత్రలు కలిపి, స్పృహ తప్పినవారిని ఒక్కొక్కరిగా బావిలో పడేశారని తర్వాత దర్యాప్తులో తేలింది. నిందితుడికి అదే సంవత్సరం అక్టోబరులో వరంగల్ కోర్టు మరణశిక్ష విధించింది.

దేశమంతా ఆ బావి గురించి మాట్లాడుకుంది. అసలు కథ బావి దగ్గర మొదలవలేదు. అదే సంవత్సరం మార్చిలో ఆ మనిషి తనతో ఉంటున్న ఒక మహిళను రైలులో తీసుకువెళ్లి, మజ్జిగలో నిద్రమాత్రలు కలిపి తాగించి, నిడదవోలు సమీపంలో చంపి బయటకు తోసేశాడు. ఆమె బావిలో దొరికిన కుటుంబానికి బంధువు. పట్టాల పక్కన దొరికిన ఆ శవం ఎవరిదో అప్పుడు తేలలేదు. ఆమె ఉంటున్నది తెలంగాణలో, శవం దొరికింది ఆంధ్రప్రదేశ్‌లో, పుట్టి పెరిగింది బెంగాల్‌లో. ఊరికి వెళ్లిందని అతడు చెప్పాడు. ఆమె ఏమైందని ఆ కుటుంబం గట్టిగా నిలదీసి, పోలీసులకు చెబుతామనేసరికి తొమ్మిది మందినీ చంపాడు.

ఒక్క శవానికి పేరు తెలియకపోవడం వల్ల తొమ్మిది శవాలు లేచాయి. ఆమె పేరు మార్చిలోనే తేలి ఉంటే దర్యాప్తు నేరుగా అతని గుమ్మం ముందుకు వచ్చి ఆగేది. గుర్తు తెలియని శవాన్ని గుర్తించడం అంటే కేవలం అంత్యక్రియల మర్యాద అనుకునేవారు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

‘వెళ్లిపోయి ఉంటుంది’

దానికి ఏడాది ముందు, 2019 ఏప్రిల్‌లో, యాదాద్రి భువనగిరి జిల్లా హాజీపూర్‌లో పద్నాలుగేళ్ల బాలిక ప్రత్యేక తరగతుల నుంచి ఇంటికి వస్తూ అదృశ్యమైంది. మరునాడు పాడుబడిన బావిలో ఆమె శవం దొరికింది. ఆ కేసులో పట్టుబడిన వ్యక్తిని విచారించాక మరో ఇద్దరు బాలికల అవశేషాలు బయటపడ్డాయి. ఒకరు ఆ ఏడాది మార్చిలోనే కనబడకుండా పోయిన కళాశాల విద్యార్థిని. మరొకరు 2015లో అదృశ్యమైన పదకొండేళ్ల పాప. నాలుగేళ్లపాటు ఆ పాప ఎముకలు సొంత ప్రాంతంలోనే బావిలో ఉన్నాయి. 2020 ఫిబ్రవరిలో నల్లగొండలోని ప్రత్యేక న్యాయస్థానం దోషికి మరణశిక్ష వేసింది. మూడో బిడ్డ చనిపోతే తప్ప మొదటి బిడ్డ ఏమైందో తెలియలేదు!

ఆడపిల్ల కనబడకపోతే మన ఊళ్లలో మొదట వచ్చే మాట ఏమిటో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ‘ఎవరితోనో వెళ్లిపోయి ఉంటుంది.’ ఈ మాట వీధిలో పుడుతుంది, ఇంట్లో దూరుతుంది, చివరికి స్టేషన్ రైటర్ నోట వినబడుతుంది. పరువు పోతుందని తల్లిదండ్రులు ఫిర్యాదు వాయిదా వేస్తారు. ‘రెండు రోజులు చూడండి, అదే వస్తుంది’ అని స్టేషన్‌లో పంపించేస్తారు. ఆ రెండు రోజులే ప్రాణం నిలిచే రోజులు, సాక్ష్యం మిగిలే రోజులు. పిల్ల పెద్దమనిషై తన ఇష్టంతో వెళ్లిందనుకుందాం. క్షేమంగా ఉందని తేల్చి ఫైలు మూయడానికి ఎంత శ్రమ పడుతుంది? ఆ శ్రమ తప్పించుకోవడానికి ఒక అపవాదును సాక్ష్యంగా స్వీకరించడం నేరమేనని నేనంటాను.

ఇరవై నాలుగు గంటలు ఆగాలన్న నియమం ఏ చట్టంలోనూ లేదు. పిల్లలు అదృశ్యమైతే అపహరణ లేదా అక్రమ రవాణా జరిగిందని భావించి ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలని 2013 మే 10న సుప్రీంకోర్టు ఆదేశించింది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, విచారణార్హమైన నేరం గురించి ఏ పోలీసు స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ‘మా పరిధి కాదు’ అనే జవాబుకు ఇప్పుడు చోటు లేదు.

శవం చెప్పేది వినేవారేరి?

ఇక నా వృత్తి వైపు వస్తాను. పోలీసులను విమర్శించి వైద్యులను వదిలేస్తే అది పక్షపాతం అవుతుంది.

చిన్న పట్టణపు ఆసుపత్రిలో శవపరీక్ష గది ఎక్కడ ఉంటుంది? ప్రాంగణం వెనుక, ప్రహరీ గోడ పక్కన, చెత్త వేసే చోటికి దగ్గరగా. చాలా చోట్ల సరైన వెలుతురు ఉండదు, నీళ్లు ఉండవు, చల్లగా భద్రపరిచే పెట్టె పనిచేయదు. మధ్యాహ్నం దాకా ఓపీలో రోగులను చూసిన డాక్టరు, ఫోరెన్సిక్ శాస్త్రంలో ప్రత్యేక శిక్షణ లేకుండానే అక్కడికి వెళ్లాలి. కోత సహాయకుడిది, సంతకం డాక్టరుది అయిపోతుంది. శవం వెంట బంధువులు ఉంటే కనీసం అడిగేవారుంటారు. గుర్తు తెలియని శవానికి ఎవరూ ఉండరు. అందుకే దానికి అందరికంటే తక్కువ సమయం దక్కుతుంది. నిజానికి అందరికంటే ఎక్కువ సమయం ఇవ్వవలసింది దానికే.

శవం మాట్లాడదని సామాన్యుడు అనుకోవచ్చు, వైద్యుడు అనుకోకూడదు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ మచ్చ, సిజేరియన్ మచ్చ, గర్భసంచి తొలగించిన ఆనవాలు, ఎప్పుడో విరిగి అతుక్కున్న ఎముక, కట్టించుకున్న పన్ను, ఇవన్నీ ఒక మనిషి జీవితచరిత్ర. తొడలో స్టీలు ప్లేటు ఉంటే దాని మీద తయారీ సంఖ్య కూడా ఉండవచ్చు. నీళ్లలో నానిన చేతి చర్మం తొడుగులా ఊడివచ్చినా దాని నుంచి వేలిముద్రలు తీయవచ్చు. కుళ్లిన పైపొరను తుడిస్తే కింద పచ్చబొట్టు స్పష్టంగా కనబడుతుంది. మెత్తని భాగాలు పాడైపోయినా ఒక పన్ను లేదా తొడ ఎముక ముక్క డీఎన్ఏ పరీక్షకు పనికివస్తుంది. దానిని ఫార్మలిన్‌లో వేస్తే మాత్రం ఆ ఆధారాన్ని మన చేతులతో మనమే చెరిపేసినట్టు. బావిలో దొరికిన శవమైతే బావి నీటి నమూనా కూడా తీయాలి. నీటిలోని సూక్ష్మ శైవలాలు ఎముక మజ్జలో ఉన్నాయో లేదో పోల్చి చూస్తే, మనిషి బ్రతికుండగా నీటిలో పడ్డాడా, చంపి పడేశారా అనే ప్రశ్నకు కొంత ఆధారం దొరుకుతుంది.

ఇవేమీ రాయకుండా ‘నీట మునిగి ఊపిరాడక మరణం’ అని ఒక్క వాక్యం రాస్తే, ఆ హత్య అక్కడితో పూర్తయినట్టే.

మరొక చిన్న విషయం గమనించండి. మన పిల్లల పదో తరగతి సర్టిఫికెట్‌లో రెండు పుట్టుమచ్చల వివరాలు రాయిస్తాం. ఉద్యోగాల దరఖాస్తుల్లో మళ్లీ అవే అడుగుతారు. మనిషి ఆనవాళ్లను ఇంత శ్రద్ధగా రాయించుకునే వ్యవస్థ, ఆ మనిషి శవమై దొరికిన రోజున పంచనామాలో ‘ప్రత్యేక గుర్తులు ఏమీ లేవు’ అని రాసి చేతులు దులుపుకుంటుంది.

ఆధార్ ఉంది కదా అంటారా?

ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. ఆధార్ చట్టం 29వ సెక్షన్ ప్రకారం ఆ వేలిముద్రలను, కనుపాప ముద్రలను ఎవరితోనూ పంచుకోకూడదు. పౌరుల గోప్యత దృష్ట్యా ఆ కట్టుబాటుకు అర్థముంది. కాబట్టి శవాలను గుర్తించడానికి వేరే మార్గం కావాలి. అటువంటి మార్గం ఒకటి పార్లమెంటు ముందుకు వచ్చింది కూడా. 2019 డీఎన్ఏ బిల్లులో అదృశ్యమైనవారికి ఒక సూచిక, గుర్తు తెలియని మృతులకు మరొక సూచిక ప్రతిపాదించారు. నిందితుల డీఎన్ఏ దాచడంపై వచ్చిన అభ్యంతరాల నడుమ నాలుగేళ్లు నలిగి, 2023లో ఆ బిల్లును వెనక్కి తీసుకున్నారు. నిందితుల విషయంలో అభ్యంతరాలు సబబే. కానీ తప్పిపోయిన బిడ్డ కోసం తల్లి తనంతట తానే ఇచ్చే నమూనాకు అభ్యంతరం ఎవరికి? ఆ రెండు సూచికలకైనా విడిగా చట్టం తేవచ్చు కదా! డీఎన్ఏ పరీక్షలలో దేశానికి పేరు తెచ్చిన సీడీఎఫ్‌డీ సంస్థ మన హైదరాబాద్‌లోనే ఉంది. ఇంటి ముందు గంగ పారుతుంటే దాహంతో ఉన్నట్టుంది మన పరిస్థితి.

సిబ్బంది లేరు, నిధులు లేవు అనేది మరో జవాబు. ముఖం కడిగి స్కేలు పెట్టి ఫోటో తీయడానికి ఎన్ని నిధులు కావాలి? మచ్చలను కొలిచి రాయడానికి ఎంత సిబ్బంది కావాలి?

నేను కోరేది మూడు పనులు. ఒకటి, ప్రతి గుర్తు తెలియని శవానికీ ఆనవాళ్ల పట్టిక నింపి, డీఎన్ఏ నమూనా తీసి భద్రపరచనిదే శవపరీక్ష నివేదికపై సంతకం చేయరాదు. రెండు, అటువంటి శవాలను దహనం చేయక, సంఖ్య వేసి ఖననం చేయాలి. రేపు ఎవరైనా వెతుక్కుంటూ వస్తే చూపడానికి చోటుండాలి. మూడు, అదృశ్యం ఫిర్యాదులను, గుర్తు తెలియని శవాల వివరాలను జిల్లాల, రాష్ట్రాల సరిహద్దులు దాటి పోల్చి చూసే బాధ్యత ప్రతి జిల్లాలో ఒక అధికారికి పేరు పెట్టి అప్పగించాలి. అందరి బాధ్యత అంటే ఎవరి బాధ్యతా కాదు.

మీరు చేయవలసినవి

మనిషి కనబడకపోతే ఆ రోజే ఫిర్యాదు చేయండి. రసీదు అడగండి, ఎఫ్‌ఐఆర్ ప్రతి ఉచితంగా ఇవ్వాలి. నిరాకరిస్తే జిల్లా ఎస్పీకి లిఖితపూర్వకంగా పంపండి, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించండి. ఎవరైనా నిర్బంధించారన్న అనుమానం ఉంటే హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేయవచ్చు. పిల్లల విషయంలో 1098కి, అత్యవసరమైతే 112కి ఫోన్ చేయండి.

తప్పిపోయినవారి దువ్వెన, పళ్లు తోముకునే బ్రష్, ఉతకని బట్టలు కాగితం కవరులో దాచండి. ప్లాస్టిక్ సంచిలో పెడితే తేమ పట్టి పాడవుతాయి. పాత ఎక్స్‌రేలు, ఆపరేషన్ కాగితాలు, పళ్ల డాక్టరు చీటీలు పారేయకండి. ఫోటోతోపాటు మచ్చలు, పచ్చబొట్లు రాసి ఇవ్వండి.

ఇంట్లో మతిమరుపు వ్యాధి ఉన్న పెద్దలు ఉంటే వారి జేబులో, చొక్కా లోపలివైపున ఫోన్ నంబరు ఉండేలా చూడండి. అటువంటివారు తప్పిపోయి, పేరు చెప్పలేక, ప్రభుత్వ ఆసుపత్రి వార్డులలో ‘అన్‌నోన్’ అనే పేరుతోనే చికిత్స పొంది, అదే పేరుతో కన్నుమూస్తున్నారు. వెతికేటప్పుడు స్టేషన్లతోపాటు పెద్దాసుపత్రుల అత్యవసర విభాగాలు, మార్చురీలు కూడా చూడండి. అక్కడికి వెళ్లడం అపశకునమని వెనుకాడకండి.

అన్నిటికంటే ముఖ్యమైనది చివరగా చెబుతున్నాను. మీ వీధిలో ఒక ఆడపిల్ల కనబడలేదన్న వార్త వింటే ‘వెళ్లిపోయి ఉంటుంది’ అన్న మాట మీ నోటి నుంచి రానివ్వకండి. ఎవరైనా అంటే అక్కడే ఆపండి. ఆ తల్లిదండ్రుల వెంట స్టేషన్ దాకా నడవండి. నలుగురు వెంట ఉన్న ఫిర్యాదును తిప్పి పంపడం ఏ అధికారికైనా కష్టం.