అంతరిక్షానికి విమానం థ్రాటిల్ ఎందుకండీ?

2014లో వచ్చిన 'ఎలైట్ డేంజరస్' ఆడతానంటే ఎవరైనా ఇచ్చే మొదటి సలహా.. "హోటాస్ కొనెయ్". అంటే ఎడమ చేతికి థ్రాటిల్, కుడి చేతికి జాయ్‌స్టిక్. నేనూ కొనేశా. మొదటిరోజే స్టేషన్ గుమ్మాన్ని గుద్దేశా :)

తప్పు నా చేతిదే అనుకున్నా. తర్వాత లెక్కేస్తే తెలిసింది. హోటాస్ పుట్టింది యుద్ధ విమానాల కోసం. మామూలు విమానం గాల్లో వెనక్కి పోదు, పక్కకి జరగదు. ఈ ఓడ మాత్రం మూడు రకాలుగా తిరుగుతుంది, మూడు దిక్కుల్లో అటూ ఇటూ జరుగుతుంది. మొత్తం ఆరు యాక్సిస్‌లు. మెలితిప్పే స్టిక్‌కి మూడు, థ్రాటిల్‌కి ఒకటి. మిగతా రెండూ నేను బటన్లకిచ్చా. బటనంటే సున్నా లేదా ఒకటి. స్టేషన్లో దిగేటప్పుడు కావలసింది ఆ మధ్యలోదే!

అందుకే నా మటుకు నాకు రెండు మెలితిప్పే స్టిక్కులే మేలు. ఎడమది జరగడానికి, కుడిది తిరగడానికి. ఆరూ సరిపోయాయి.

అయితే కొనేముందు ఉన్నదాన్నే సరిగ్గా సెట్ చేసి చూడండి. స్టిక్ వదిలేసినా ఓడ తిరుగుతుంటే డెడ్‌జోన్ పెంచండి, అది ఆగేంతవరకే. ఎక్కువైతే చిన్న కదలికలు పోతాయి. ఒకసారికి ఒక్కటే మార్చండి, డీబగ్గింగ్‌లో లాగానే.

ఇంకోమాట. మీ బైండింగ్స్ అన్నీ ఒక ఎక్స్ఎంఎల్ ఫైల్లో ఉంటాయి, కాపీ దాచుకోండి. దాచుకోక రెండు గంటల పని పోగొట్టుకున్నా. ఆఫీసులో బ్యాకప్ గురించి అందరికీ క్లాసు పీకేది నేనే మరి!