ఏ పట్టా మీద పోటీ? కురచోడు, పొడుగోడు అనే పంచాయితీ గురించి



మొన్న ఆదివారం కార్యవర్గ సమావేశం ముగిసినాక టీ దగ్గర జరిగిన మాటల గురించి ఇది. ఈ ఏడు క్రీడా సహాయానికి వచ్చిన దరఖాస్తుల్లో ఒకటి బాక్సింగుది. పిల్లవాడికి పదహారేళ్లు, ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు, బరువు 52 కిలోలు. దాన్ని పక్కన పెట్టేసినారు. ఎందుకు అని అడిగితే ఒక పెద్దాయన చెప్పిన జవాబు ఇది: "కురచ పిల్లోడండీ. ఇప్పుడు బాక్సింగంటే టైసన్ ఫ్యూరీ మాదిరి ఆరడుగుల తొమ్మిదంగుళాలు ఉండాల. మహమ్మద్ అలీనే ఈ కాలంలో నిలబడలేడు, వీడేం నిలబడతాడు?" అంతే, అక్కడి నుంచి అరగంట సేపు అలీని ఫ్యూరీతో, మార్సియానోని మైక్ టైసన్‌తో, అందరినీ అందరితో కొట్టించినారు. టీ రెండోసారి తెప్పించినారు. పిల్లవాడి కాగితం మాత్రం ఫైల్లోనే ఉండిపోయింది.

ఆ రోజు మేము ఎక్కువ మాట్లాడలేదు. మాట్లాడి ఉండాల్సింది. ఇప్పుడు రాస్తున్నాము. మా రాతలు పొడుగని మీకు తెలుసు, ఓపిక పట్టండి.

రైల్వేలో పని చేసినోళ్లం కాబట్టి మాకు మొదట తోచే ప్రశ్న ఒకటే. మీటర్ గేజీ వైపీ ఇంజనుకూ బ్రాడ్ గేజీ డబ్ల్యూపీ ఇంజనుకూ పోటీ పెడితే ఏది గెలుస్తుంది అని ఎవరైనా అడిగితే, "ఏ పట్టా మీద?" అని అడగాల. మీటర్ గేజీ పట్టా మీద డబ్ల్యూపీ నిలబడనే లేదు. ఈ ప్రశ్న అడగకుండా కాలం వేరు, కొలత వేరు అయిన ఇద్దరు బాక్సర్లను కొట్టించేది ఊరికే పొద్దుపోవడానికి పనికివస్తుంది, ఒక పిల్లవాడి దరఖాస్తు తోసెయ్యడానికి పనికిరాదు.

పట్టా అంటే ఇక్కడ రూలు. ఒకటే ఒక రూలు చూద్దాం, రౌండ్ల లెక్క. ఇప్పుడు ప్రపంచ టైటిల్ పోటీ 12 రౌండ్లు. ఆ కాలంలో 15. 1982లో కొరియా బాక్సర్ డుక్ కూ కిమ్ 14వ రౌండులో పడిపోయి చనిపోయినాక తగ్గించడం మొదలుపెట్టినారు. మంచి పనే చేసినారు. ఆ మూడు రౌండ్లు పోతే చరిత్ర ఏమవుతుందో చూడండి. రాకీ మార్సియానో 49 పోటీలు ఆడి 49 గెలిచినాడు, ఒక్కటీ ఓడలేదు. ఆయన 1952లో జెర్సీ జో వాల్కాట్‌ను పడగొట్టి టైటిల్ తీసుకొన్నది 13వ రౌండులో. అప్పటికి ముగ్గురు జడ్జీల లెక్కలోనూ ఆయన వెనకబడే ఉన్నాడు. ఈనాటి రూలైతే ఆ రాత్రి మార్సియానో పాయింట్ల మీద ఓడి ఇంటికి పోయి ఉండేవాడు. 49కి 49 అనే లెక్కే ఉండేది కాదు.

ఇంకొకటి, దీన్ని మేము అందరికీ చెప్తుంటాము. 1941లో జో లూయీ మీదికి బిల్లీ కాన్ వచ్చినాడు. కాన్ అసలు హెవీవెయిటే కాదు, లైట్ హెవీవెయిట్ ఛాంపియన్. లూయీ కన్నా ఇరవై అయిదు పౌన్లు తక్కువ, అంటే పదకొండు కిలోలకు పైనే తేడా. పన్నెండు రౌండ్లయ్యేసరికి ఇద్దరు జడ్జీలు కాన్‌కు ఎక్కువ ఇచ్చినారు, మూడోవారు సమానం అన్నారు. 13వ రౌండులో కాన్ పాయింట్లు చాలవన్నట్టు నాకౌట్ కోసం మీదికి పోయినాడు. లూయీ పడగొట్టినాడు. పన్నెండుకే గంట కొట్టి ఉంటే అంత లూయీని ఒక చిన్న బరువువాడు ఓడించినాడని మన తాతలు చెప్పుకొని ఉండేవారు. ఇప్పుడు చెప్పండి, కురచోడు పొడుగోడి ముందు నిలబడతాడా అనే దానికి జవాబు బరువులో ఉందా, గంటలో ఉందా?

రిఫరీ సంగతి ఇంకో పట్టా. 1919 జూలై 4న టొలీడోలో జాక్ డెంప్సీ, జెస్ విల్లార్డ్. డెంప్సీ సుమారు 85 కిలోలు, విల్లార్డ్ 111 కిలోలు, ఆరున్నర అడుగులు. మొదటి రౌండులోనే విల్లార్డ్ ఏడు సార్లు పడినాడు. మూడు రౌండ్ల తరువాత లేచి రాలేదు. కురచోళ్ల పక్షం వాళ్లు ఈ పోటీ చెప్పి గెలిచినామంటారు. ఆగండి. విల్లార్డుకు అప్పటికి 37 ఏళ్లు, పోటీలు ఆడక చాలా కాలమైంది. పైగా పడినవాడు లేచే లోపల కొట్టినవాడు దూరంగా మూలకు పోవాల అనే రూలు అప్పుడు పట్టించుకొనేవారు లేరు. డెంప్సీ పక్కనే నిలబడి, మోకాలు నేల విడవగానే మళ్లీ గుద్దినాడు. ఈనాటి రిఫరీ అయితే మొదటి రౌండులోనే ఆపేసి ఉండవచ్చు, లేదా విల్లార్డుకు ఊపిరి తిప్పుకొనే సమయం దొరికి ఉండవచ్చు. ఆ మూల రూలే 1927లో చికాగోలో డెంప్సీకి ఎదురు తిరిగింది. టన్నీని పడగొట్టి మూలకు పోవడానికి ఆలస్యం చేసినాడు, లెక్క ఆలస్యంగా మొదలయింది, టన్నీ లేచి గెలిచినాడు.

పెద్దోళ్లకు పనికివచ్చే రిఫరీలూ ఉన్నారు. 2013లో మాస్కోలో వ్లాదిమిర్ క్లిట్చ్‌కో, పొవెట్‌కిన్ పోటీ దొరికితే చూడండి. ఆరడుగుల ఆరంగుళాల మనిషి తన కన్నా చిన్నవాడి మెడ మీద పదేపదే బరువంతా వేసి వాలిపోతుంటే ఎంత సేపు వదిలేసినారో చూడండి. అది గుద్దుల పోటీ కాదు, మూటలు మోసే పని. మార్సియానో 85 కిలోల మనిషి. ఆయన మీద ఫ్యూరీ 120 కిలోలు వేసి ప్రతి రౌండూ వాలితే, రిఫరీ చూస్తూ ఉంటే, ఆరో రౌండుకు కాళ్లు పోతాయి. అందుకే మేము ఒప్పుకొంటున్నాము, ఈనాటి రూలు కింద మార్సియానో ఫ్యూరీని గెలవడు. పాత కాలపు అభిమానులకు ఈ మాట కోపం తెప్పిస్తుంది. తెప్పించనీ.

ఇంకొక నిజం కూడా. ఈనాడు అయితే మార్సియానో హెవీవెయిట్‌లోనే ఉండడు. ఇప్పుడు 200 పౌన్ల దాకా క్రూయిజర్‌వెయిట్ అని వేరే తరగతి ఉంది. ఆ తరగతే ఆయన కాలంలో లేదు.

సరే, మరి పెద్దోడే గెలుస్తాడా? ఉసిక్‌ను ఏం చేస్తారు? ఒలెక్సాండర్ ఉసిక్ ఆ క్రూయిజర్‌వెయిట్ నుంచే వచ్చినాడు. ఆరడుగుల మూడంగుళాలు, అంటే అలీ ఎత్తే. 2024 మే నెలలో రియాద్‌లో ఇదే టైసన్ ఫ్యూరీని ఓడించినాడు. ఫ్యూరీ ఆ రోజు పదిహేడు కిలోలు ఎక్కువ. డిసెంబరులో మళ్లీ కొట్టుకొన్నారు, మళ్లీ ఉసిక్ గెలిచినాడు, ఈసారి ముగ్గురు జడ్జీలూ ఆయనకే ఇచ్చినారు. "అలీ ఎత్తువాడు ఈ కాలంలో నిలబడలేడు" అని చెప్పిన పెద్దాయనకు ఈ రెండు పోటీలు మేము దక్షిణగా సమర్పిస్తున్నాము. ఆయన ఉదాహరణకు తెచ్చిన మనిషే ఓడిపోయినాడు!

కార్నేరాను 1935లో లూయీ ఆరో రౌండులో ముగించింది, వాల్యుయెవ్ అనే ఏడడుగుల మనిషిని 2009లో డేవిడ్ హే పాయింట్ల మీద గెలిచింది కూడా చెప్పవచ్చు. కానీ అదే హే 2011లో క్లిట్చ్‌కో చేతిలో ఓడినాడు. పనితనం లేని పొడుగోడిని ఎవరైనా కొడతారు, పనితనం ఉన్న పొడుగోడిని ఉసిక్ లాంటివాడే కొట్టగలడు. ఇంతకు మించి ఇందులో సూత్రం ఏమీ లేదు.

ఇప్పుడు కంప్యూటర్ మాట. "ఈ కాలంలో కంప్యూటర్‌కు అన్ని లెక్కలూ ఇస్తే ఎవరు గెలుస్తారో చెప్పేస్తుంది" అని ఒక తమ్ముడు అన్నాడు. తమ్ముడూ, నువ్వు పుట్టక ముందే ఆ పని చేసినారు. 1969లో అలీ లైసెన్సు పోయి ఇంట్లో కూర్చొని ఉన్నాడు. మార్సియానో ఆడడం మానేసి పదమూడేళ్లయింది. ముర్రే వొరోనర్ అనే ఆయన ఇద్దరినీ పిలిచి, డెబ్బై రౌండ్ల దాకా ఉత్తుత్తిగా కొట్టించి సినిమా తీసినాడు. మార్సియానో ఒళ్లు తగ్గించుకొని, నెత్తికి విగ్గు పెట్టుకొని వచ్చినాడు. రకరకాల ముగింపులు తీసి పెట్టుకొని, ఏది సరైనదో కంప్యూటర్ చెప్పింది అన్నారు. 1970 జనవరిలో అమెరికా థియేటర్లలో వేసినారు. 13వ రౌండులో మార్సియానో గెలిచినాడు. ఐరోపాలో వేసిన కాపీలో ఎవరు గెలిచినారో తెలుసునా? అలీ! అదే కంప్యూటర్, అదే లెక్కలు. మార్సియానో ఆ సినిమా చూడనే లేదు, అంతకు ముందే 1969 ఆగస్టులో విమాన ప్రమాదంలో పోయినాడు. ఆ సినిమాకు ముందు రేడియోలో ఇట్లాంటి కంప్యూటర్ పోటీలోనే తనను జిమ్ జెఫ్రీస్ చేతిలో ఓడించినారని అలీ కోర్టుకు పోయినాడు. చూసేవాడికి ఏది కావాలో అది చెప్పే యంత్రం అప్పుడే ఉంది. మన టీ దగ్గర కంప్యూటర్ లేదు, అంతే తేడా.

మన మద్రాసు విషయానికి వస్తాము. 1980లో అలీ ఇక్కడికి వచ్చినాడు. నెహ్రూ స్టేడియంలో ప్రదర్శన పోటీ. మన వీధుల్లో సగం మంది పెద్దోళ్లు తాము చూసినామనే చెప్తారు. అంతమంది పట్టే స్టేడియం కాదది, పోనీలెండి. మేము పోలేదు, టికెట్టుకు డబ్బు లేదు. అందరూ అలీ ఎంత ఎత్తు, చెయ్యి ఎంత పొడుగు అని చెప్పినారు. ఎదురుగా నిలబడిన మనిషి గురించి ఒక్కరూ చెప్పలేదు. ఆయన జిమ్మీ ఎల్లిస్. అలీ ఊరివాడే, లూయీవిల్. మిడిల్‌వెయిట్‌గా మొదలుపెట్టినవాడు, అంటే 160 పౌన్ల లోపల, మన లెక్కలో 73 కిలోల లోపల. ఆ మనిషి 1968లో డబ్ల్యూబీఏ హెవీవెయిట్ ఛాంపియన్ అయినాడు. చిన్నోడు పెద్దోళ్లలో గెలిచిన కథ మన ఊరి రింగులోనే నడుస్తా ఉంటే, మనం పక్కనున్న పొడుగోడిని చూస్తా ఉన్నాం.

ఇంతా చెప్పి అసలు మాటకు వస్తాము. ఈ వాదన అంతా ఆ పిల్లవాడికి సంబంధమే లేదు! హెవీవెయిట్ ఒక్కటే పై హద్దు లేని తరగతి. అందుకే అక్కడ ఈ పొడుగు, కురచ పంచాయితీ పుట్టింది. 52 కిలోల పిల్లవాడు తన బరువు పిల్లలతోనే ఆడతాడు, మూడు రౌండ్లు ఆడతాడు. ఫ్యూరీ వాడి ఎదుటకు ఎప్పటికీ రాడు. డింకో సింగ్ 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చింది 54 కిలోల తరగతిలో. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది సరిగ్గా 52 కిలోల్లో. ఆమె గెలిచిన రోజు మన సంఘం బోర్డు మీద ఫోటో అంటించింది ఎవరు? ఆ టీ దగ్గర కూర్చొన్నవాళ్లే.

"తలకు దెబ్బలు తగులుతాయి, అందుకే వద్దు" అని చెప్పి ఉంటే మేము తల వంచి వినేవాళ్లం. అలీకి పార్కిన్సన్ ఉందని 1984లో తేలింది, ఆ చేతుల వణుకు ప్రపంచమంతా చూసింది. అది పెద్దోళ్లు అడగవలసిన ప్రశ్న. హెడ్‌గార్డు ఉందా, డాక్టరు ఉంటాడా, కోచ్ ఎట్లాంటివాడు అని ఆ తండ్రిని పిలిచి అడగండి. జవాబు నచ్చకపోతే అప్పుడు వద్దనండి. ఎత్తు కొలిచి వద్దనడం కుదరదు.

కార్యదర్శిగారికి మనవి: వచ్చే ఆదివారం ఆ ఫైలు తీసుకొని రండి, మొదటి అంశంగా పెట్టండి. ఆ తండ్రిని కూడా రమ్మనండి, కుర్చీ వేయించండి. టీ ఖర్చు ఈసారి మాది. ఓట్లయినాక ఫ్యూరీ, లూయీ పోటీ మళ్లీ పెట్టుకుందాం, ఎంతసేపైనా సరే. మేము లూయీ వైపు, పదిహేను రౌండ్లు, గట్టి రిఫరీ.