కంచ గచ్చిబౌలి: బుల్డోజర్లు ఆగాయి.. కానీ అది అడవా, కాదా?

2025 మార్చి 30.. ఉగాది రోజు. మర్నాడు రంజాన్. వరస సెలవులు. సరిగ్గా ఆ సమయంలోనే యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్ పక్కనున్న కంచ గచ్చిబౌలి భూముల్లోకి జేసీబీలు దిగాయి. విద్యార్థులు అడ్డుపడ్డారు. 50 మందికి పైగా పోలీసుల అదుపులోకి వెళ్లారు. అయినా వాళ్లు తగ్గలేదు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు సుమోటోగా జోక్యం చేసుకుని చెట్ల నరికివేతను ఆపేయమంది. అప్పటికే 100 ఎకరాలకు పైగా నేల చదునైపోయింది.

విద్యార్థులు గెలిచారా? సగమే గెలిచారు. మిగతా సగం ఒక చిన్న ప్రశ్న దగ్గర ఆగింది.

అసలు వివాదం ఏంటి?

1974లో ఈ యూనివర్సిటీ మొదలైనప్పుడు సుమారు 2,300 ఎకరాలు కేటాయించారు. కానీ యాజమాన్య హక్కు మాత్రం యూనివర్సిటీ పేరుకు మారలేదు. సర్వే నంబర్ 25లోని 400 ఎకరాలను ఉమ్మడి ఏపీ ప్రభుత్వం క్రీడా ప్రాజెక్టు కోసం ఐఎంజీ భారత అనే సంస్థకు ఇచ్చింది. 2006లో ఆ కేటాయింపు రద్దయింది. ఏళ్ల తరబడి కేసు నడిచాక 2024లో హైకోర్టు, ఆ తర్వాత సుప్రీంకోర్టు ప్రభుత్వానికే అనుకూలంగా తేల్చాయి. ఆపై భూమి టీజీఐఐసీ చేతికి వెళ్లింది.

ఇక్కడ ప్రభుత్వం వాదన కూడా కొట్టిపారేసేది కాదు. ఇది సర్కారు భూమి, రికార్డుల్లో ఎక్కడా అడవి అని లేదు, ఐటీ కంపెనీలొస్తే పెట్టుబడులు, ఉద్యోగాలు వస్తాయి అన్నది దాని మాట.

'ఎవరిది' కాదు.. 'ఏముంది'?

భూమి ఎవరిది అనే చోటే వాదించి ఉంటే విద్యార్థులు మొదటి రోజే ఓడిపోయేవాళ్లు. ఎందుకంటే ఆ ప్రశ్నకు కోర్టు జవాబు అప్పటికే వచ్చేసింది. వాళ్లు అడిగింది వేరు.. ఆ భూమిలో ఏముంది?

దీనికి జవాబు వాళ్ల దగ్గర రెడీగా ఉంది. ఇక్కడి విద్యార్థులు, పరిశోధకులు ఏళ్లుగా పక్షుల్ని, మొక్కల్ని గమనిస్తూ లెక్క రాసి పెట్టుకున్నారు. 200కు పైగా పక్షి జాతులు, చుక్కల జింకలు, నెమళ్లు, నక్షత్ర తాబేళ్లు ఆ లెక్కల్లో ఉన్నాయి. హైదరాబాద్ పేరే పెట్టుకున్న మురీషియా హైదరాబాదెన్సిస్ అనే సాలీడు కూడా ఈ క్యాంపస్‌లో దొరికిందే. నెమలి, నక్షత్ర తాబేలు రెండూ వన్యప్రాణుల రక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నవి.

చట్టంలో కూడా దీనికి దారి ఉంది. 1996 డిసెంబర్ 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఒక మాట స్పష్టంగా చెప్పింది. అడవి అంటే నోటిఫై చేసిందే కాదు.. నిఘంటువు అర్థంలో అడవిలా ఉన్నదీ అడవే, యజమాని ఎవరైనా సరే. కంచ గచ్చిబౌలి కేసు నిలబడింది ఈ మాట మీదే.

ఫేక్ ఫొటోలతో నష్టమే

ఈ ఉద్యమాన్ని ఊరూరా చేర్చింది సోషల్ మీడియా. రాత్రిపూట మెషీన్ల చప్పుడు మధ్య నెమళ్ల అరుపుల వీడియో చూసి స్పందించని వాళ్లు తక్కువ. కానీ వాటితో పాటే ఏఐతో తయారు చేసిన జింకల బొమ్మలూ షేర్ అయ్యాయి. దాంతో చర్చ చెట్ల మీద నుంచి ఫేక్ ఫొటోల మీదకు మళ్లింది, పోలీసు కేసులూ పడ్డాయి. చేతిలో నిజమైన ఆధారాలు ఉన్నప్పుడు అబద్ధపు బొమ్మ అవసరమే లేదు. పైగా అది అవతలి పక్షానికి దొరికే ఆయుధం.

విద్యార్థులు చెల్లించిన మూల్యం తక్కువేం కాదు. లాఠీలు, కేసులు చూశారు. ఇద్దరు రిమాండ్‌కు కూడా వెళ్లారు. విద్యార్థులపై పెట్టిన కేసులు వెనక్కి తీసుకోవాలని ఏప్రిల్‌లో డిప్యూటీ సీఎం భట్టి విక్రమార్క ఆదేశించారు.

ఇప్పుడు ఏం చూడాలి?

కేంద్ర సాధికార కమిటీ వచ్చి స్థలాన్ని చూసింది. కొట్టేసిన చోట మళ్లీ చెట్లు పెంచే ప్రణాళిక లేకపోతే అధికారులు జైలుకు వెళ్లాల్సి వస్తుందని సుప్రీంకోర్టు గట్టిగానే హెచ్చరించింది. ఆగస్టు 13 విచారణలో మంచి ప్రతిపాదనతో రమ్మని ప్రభుత్వానికి ఆరు వారాల గడువు ఇచ్చింది.

అయితే స్టే అంటే తీర్పు కాదు. ఆ 400 ఎకరాలు అడవి అని ఏ రికార్డులోనూ ఇంకా ఎక్కలేదు. రికార్డుల్లో లేకున్నా అడవిలా ఉన్న భూములను గుర్తించే పని రాష్ట్రాల నిపుణుల కమిటీలది. ఆ జాబితాలో కంచ గచ్చిబౌలి ఉంటుందా, ఉండదా అన్నదే అసలు విషయం. ఉంటే రేపు ఏ ప్రభుత్వం వచ్చినా ముట్టుకోవడం కష్టం. లేకపోతే ఇంకో సెలవు రోజు, ఇంకో జేసీబీ అంతే.

ఇది హైదరాబాద్ ఒక్కదాని గొడవ కాదు. కాగితాల మీద బీడు, కళ్ల ముందు చిట్టడవి.. ఇలాంటి గుట్టలు, చెరువు శిఖాలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. అక్కడి కుర్రాళ్లకు ఈ పోరాటం చెప్పేది ఒకటే. ధర్నా జేసీబీ వచ్చాక చేయొచ్చు, లెక్క మాత్రం అది రాకముందే రాసి పెట్టుకోవాలి.