క్యారెక్టర్‌ని చంపండి, కానీ చెప్పి చంపండి!

బాల్డర్స్ గేట్ 3 ఆడినవాళ్లకు క్విక్ సేవ్ విలువ చెప్పక్కర్లేదు. చచ్చామా, లోడ్ చేశామా, మళ్లీ మొదలుపెట్టామా.. అంతే! 2023లో వచ్చిన ఈ గేమ్‌కి బేస్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్. అదే ఆటని ఫ్రెండ్స్‌తో టేబుల్ దగ్గర ఆడితే లోడ్ బటన్ ఉండదు. ఆర్నెల్లు ఆడిన క్యారెక్టర్ ఒక్క రోల్‌తో పోవచ్చు.

అలాగని చావు భయమే లేకపోతే ప్లాన్ ఎవరు వేస్తారు? ప్రతి తలుపూ తన్నుకుంటూ పోతారు. అందుకే నా మాట ఒకటే.. ప్రమాదం ఉండాలి, దొంగదెబ్బ ఉండకూడదు.

మెడూసానే తీసుకోండి. 2014 రూల్స్ ప్రకారం 30 అడుగుల లోపు దాని కళ్లు చూస్తే సేవ్ వేయాలి. మొత్తం 14 రావాలి. 9 లేదా అంతకంటే తక్కువొస్తే అక్కడికక్కడే రాయి! చూపు తిప్పుకుంటే సేవ్ అక్కర్లేదు కానీ, మెడూసా కనిపించదు కాబట్టి దాన్ని కొట్టడం కష్టం. ఇది అసలైన ఛాయిస్. అయితే సర్‌ప్రైజ్ అయినవాళ్లకి ఆ ఛాన్స్ కూడా లేదు. గుహ బయట భయంతో బిగుసుకుపోయిన నాలుగు రాతి మనుషుల్ని డంజన్ మాస్టర్ ముందే చూపిస్తే ఫెయిర్. ఏమీ చెప్పకుండా తలుపు తీయగానే సేవ్ వేయమంటే అది లాటరీ.

మరి టూంబ్ ఆఫ్ హారర్స్ సంగతేంటి అంటారా? గ్యారీ గైగాక్స్ దాన్ని 1975లో ఆరిజిన్స్ కన్వెన్షన్ టోర్నమెంట్‌లో నడిపించారు. 1978లో పుస్తకంగా వచ్చింది. చంపడానికే పేరుపడ్డ మాడ్యూల్ అది. తెలిసి కూర్చుంటే మజా. సరదాగా నడిచే వీకెండ్ గేమ్‌లో అలాంటి ట్రాప్ చెప్పకుండా పెడితే మాత్రం మోసమే. ఈ ఆటలో చావు ఎంత దగ్గరగా ఉంటుందో మొదటి రోజే మాట్లాడుకోండి.

ఇక డైస్. రోల్20లో రోల్‌ని అందరికీ చూపించొచ్చు, గేమ్ నడిపేవాళ్లకే కనిపించేలా దాచొచ్చు. ప్రాణం మీదకొచ్చే రోల్ మాత్రం అందరి ముందే పడాలి. ఫెయిలైతే ఏమవుతుందో రోల్‌కి ముందే చెప్పాలి.

అలా చేస్తే ప్లేయర్‌ని కాపాడే దారి ఉండదని చాలామంది వాదన. ఉంటుంది! హిట్ పాయింట్లు సున్నాకి పడినా వెంటనే చావు రాదు. డెత్ సేవ్స్‌లో 10 లేదా పైన వస్తే సక్సెస్, మూడు ఫెయిలైతేనే అవుట్. ఈలోపు ఫ్రెండ్స్ హీల్ చేయొచ్చు. శత్రువు కత్తితో కొట్టినా చంపకుండా స్పృహ తప్పించి బందీగా పట్టుకెళ్లొచ్చు, అది కూడా రూల్స్‌లోనే ఉంది. జాలి చూపించాలనుకుంటే ఇలా కథలో చూపించండి. డైస్ పడ్డాక నంబర్ మార్చకండి. ఒక్కసారి అలా దొరికిపోతే, ఆ తర్వాత వాళ్లు గెలిచిన ఏ ఫైట్‌నీ వాళ్లే నమ్మరు.