పంట మార్చమంటే సరిపోదు

అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లే. అదీ అదను తప్పుతోంది. ఊడలు దిగే వేళ చినుకు రాకపోతే వేరుశనగ పెట్టుబడి మట్టిపాలే. ఏడు సాళ్ల వేరుశనగకు ఒక సాలు కంది వేస్తే ఒకటి పోయినా మరొకటి ఆదుకుంటుంది. సేద్యపు కుంట నిండితే బెట్ట వేళ ఒక్క రక్షక తడితో కాయ నిలబెట్టుకోవచ్చు. ఈ పద్ధతులను మనం పాటిద్దాం.

కానీ భారమంతా రైతు నెత్తినేనా? 2023లో చిరుధాన్యాల సంవత్సరం ఘనంగా జరిపారు. కేంద్రం మద్దతు ధర ప్రకటించేది జొన్న, సజ్జ, రాగులకే; కొర్రకు లేదు. తనది కాని పొలంలో కౌలు రైతు కుంట ఎలా తవ్వుతాడు? కొర్రకు మద్దతు ధర, ఊరూరా కొనుగోలు, కౌలు రైతుకూ తుంపర సేద్యం సబ్సిడీ ఇవ్వాలని డిమాండ్ చేస్తున్నాం. ధర లేని సలహా రైతును గట్టెక్కించదు.