జనాజాకు ముందే తేలవలసిన మాట

కొత్తచెరువులో మన ఇళ్ళలో ఎవరైనా కన్నుమూస్తే, దూరపు బంధువులు చేరేలోపే ఖబర్ సిద్ధమవుతుంది. ఖననంలో జాప్యం కూడదన్నది మన సంప్రదాయం. నేత్రదానం ఈ సంప్రదాయానికి అడ్డు రాదు. మరణించిన ఆరు గంటలలోపు కార్నియాను సేకరించాలి. అందుకు అరగంట చాలు. ముఖం వికృతం కాదు. గుసుల్, కఫన్, జనాజా నమాజు యథావిధిగా జరుగుతాయి. ఒకరి కార్నియాలు ఇద్దరికి చూపునివ్వగలవు.

మూత్రపిండాలు, కాలేయం వంటివాటి సంగతి వేరు. బ్రెయిన్ డెడ్ అయినట్లు ఆసుపత్రి వైద్యులు నిర్ధారించాక, కుటుంబం సమ్మతిస్తేనే వాటిని తీసుకుంటారు. అవయవాల క్రయవిక్రయాలను 1994 నాటి చట్టం నేరంగా పరిగణిస్తుంది. పేదవాని దేహం అంగడి సరుకు కాదు.

మరి షరీఅత్ అనుమతిస్తుందా? జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ 1988లో షరతులతో అనుమతించింది. మన దేశపు ఉలమాలలో పలువురు మరణానంతర దానాన్ని అంగీకరించరు. ఈ భేదాభిప్రాయాన్ని దాచనక్కరలేదు. అయితే దుఃఖంలో మునిగిన కుటుంబం మరణశయ్య పక్కన దీనిని తేల్చుకోలేదు. ఆరోగ్యంగా ఉన్నప్పుడే ముఫ్తీ సాహెబులను సంప్రదించాలి. ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోవాలి.

మసీదు కమిటీలు ఉలమాలను, వైద్యులను ఒకే వేదికపైకి తేవాలి. సమ్మతించిన ఇంటికి నేత్ర సేకరణ బృందం వేళకు చేరేలా వైద్యశాఖ ఏర్పాటు చేయాలి. అవయవం కోసం ఎదురుచూసేవారిలో మనవారూ ఉంటారు. తీసుకునే హక్కును కోరే మనం, ఇవ్వడం గురించి కనీసం ఆలోచించకుండా ఉండలేము.