చెన్నపట్టణమున ఒక దినము

ప్రతి సంవత్సరము అర్ధవార్షిక పరీక్షలు ముగియగానే మన పాఠశాలలో చెన్నపట్టణ యాత్రను గూర్చిన ముచ్చట మొదలగును. పిల్లలు తమకు తోచిన స్థలముల పట్టిక వ్రాసి తెత్తురు. తల్లిదండ్రులు దానికి మరికొన్ని చేర్తురు. వండలూరు జంతుప్రదర్శనశాల, గిండీ పాముల పార్కు, మెరీనా, ఒక దేవాలయము, ఒక వినోదపు పార్కు, తిరుగు దారిలో త్యాగరాయనగరున బట్టల అంగడి. ఇవి యన్నియు ఒక్క పగటిలోనే! తెల్లవారకమునుపే బస్సెక్కిన పిల్లవాడు అర్ధరాత్రి ఇల్లు చేరును. మరునాడు “ఏమి చూచితివిరా?” అని అడిగినచో “చాలా చూచితినండి” అనును. ఏది ఎట్లున్నదని అడిగినచో తల గోకికొనును.

ఈ పద్ధతి మారవలెనని నా అభిప్రాయము. ఒక దినమున రెండు మూడు స్థలములకు మించి చూడరాదు. వానిలో ఒకటియైనను మన భాషకును మన పూర్వులకును సంబంధించినదై యుండవలెను.

“ఏడాదికొకమారు వేడుకకు పోవుచుండగా అక్కడ కూడ పాఠములేనా?” అని కొందరు తల్లిదండ్రులు నన్నడిగిరి. అడుగదగిన ప్రశ్నయే. వేడుక వలదని నేననను. కాని మన పిల్లల స్థితి వేరు. ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము, కొలువునకు ఇంగ్లీషు అని వారు చిన్ననాడే లెక్క కట్టుకొన్నారు. పట్టణమునకు పోయినంతనే తమలో తాము తెలుగున మాటలాడుకొనుటకు కూడ గొంతు తగ్గింతురు. తమ భాష గడప దాటనిదని వారి తలపు. ఆ తలపును పోగొట్టుటకు తరగతిలో నేను చేయు ఉపన్యాసములు చాలవు. చాలకుండుటను ఇన్నేండ్లుగా చూచుచునే యున్నాను. కన్నులతో చూచినది కొంత పని చేయునేమోయని నా ఆశ.

ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియముతో ప్రారంభింపుడు. ఇది 1851లో ఏర్పడినది. ఇందు అమరావతి శిల్పములకు ప్రత్యేకముగా ఒక శాల కలదు. కృష్ణాతీరమున శిథిలమైయున్న మహాస్తూపమునుండి 1845లో వాల్టరు ఎలియటు దొర త్రవ్వించి పంపిన పాలరాతివంటి సున్నపురాతి పలకలు చెన్నపట్టణము చేరినవి. వానిలో వందకు పైగా 1859లో లండను నగరమునకు పోయి నేడు బ్రిటిషు మ్యూజియములో నున్నవి. ఇక్కడనే మిగిలినవానిలో గుండ్రని పలక యొకటి కలదు. దేవదత్తుడు బుద్ధునిపై పురికొల్పిన నాళాగిరి యను మదగజపు కథ దానిపై చెక్కబడినది. ఒకవైపున ఏనుగు జనమును త్రొక్కుచు దూకుచున్నది. స్త్రీలు భయముతో ఒకరినొకరు పట్టుకొనుచున్నారు. మేడలపైనుండి కొందరు తొంగిచూచుచున్నారు. మరియొకవైపున అదే ఏనుగు బుద్ధుని పాదములకడ మోకరిల్లినది. ఒక్క రాతిలో ఒక కథ మొదలును తుదియు! ఆ పలకయెదుట పిల్లలను పదునైదు నిమిషములు కూర్చుండబెట్టి, అందెందరు మనుష్యులున్నారో లెక్కింపుమని చెప్పవలెను. లెక్కించువాడు చూడక తప్పదు. అమరావతి రాతిపైనున్న “నాగబు” అను మాటను తొలి తెలుగు పదముగా గుర్తించిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ఈ పట్టణముననే ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారములో పనిచేసిరని కూడ అప్పుడే చెప్పవచ్చును.

ఆ మ్యూజియములోనే కంచు విగ్రహముల శాలయందు తిరువాలంగాడు నటరాజస్వామి యున్నాడు. అరక్కోణమునుండి పట్టణమునకు పోవు లోకలు రైలు తిరువాలంగాడు స్టేషనులో ఆగినప్పుడు మన పిల్లలు వేరుసెనగపప్పు కొనుటకు తప్ప తల బయట పెట్టరు. ఆ యూరి విగ్రహమును ఛాయాచిత్రములలో చూచియే ఫ్రాన్సు దేశపు మహాశిల్పి రోడాఁ ముగ్ధుడై వ్యాసము వ్రాసెను. మనము ప్రక్కనుండియు చూడము.

అదే ఆవరణలో కన్నెమరా గ్రంథాలయము కలదు. 1896లో తెరచిరి. 1954 నాటి చట్టము ననుసరించి భారతదేశమున అచ్చగు ప్రతి గ్రంథమునకు ఒక ప్రతిని ప్రకాశకుడు ఇక్కడకు పంపవలెను. ఇట్టి హక్కు దేశములో నాలుగు గ్రంథాలయములకే యున్నది. విజయవాడలో అచ్చయిన తెలుగు పద్యకావ్యమైనను, హైదరాబాదులో అచ్చయిన పిల్లల కథలైనను ఈ తమిళనగరమునకు రావలసినవే. మన పాఠశాల బీరువాలోనున్న నాలుగు అరల పుస్తకములనే తెలుగు వాఙ్మయమని తలచు పిల్లవానికి ఈ సంగతి తెలియవలదా? ప్రధానోపాధ్యాయులు ముందుగా ఉత్తరము వ్రాసి అనుమతి పొందినచో, ప్రతి విద్యార్థియు తన పాఠ్యపుస్తకములోని ఒక కవి పేరును చీటీపై వ్రాసికొనిపోయి, ఆ కవి గ్రంథమును వెదకి చేత పట్టుకొని రావచ్చును. ఇంతకు మించిన పని పెట్టరాదు.

పై తరగతుల విద్యార్థులకు, అనగా పది మందికి మించని గుంపునకు, నేను పైన చెప్పిన ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారము తగును. చిన్నపిల్లలను కొనిపోవుట వలన వారికిని తాళపత్రములకును మేలు లేదు. కర్నలు మెకంజీ కోరికపై కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి యను తెలుగు సోదరులు ఊరూర తిరిగి చేకూర్చిన స్థానిక చరిత్రలును, బ్రౌను దొర తన సొంత ధనముతో వ్రాయించి సేకరించిన కావ్యములును ఆ భాండాగారమునకు చేరినవి. బ్రౌను వేమన పద్యములను 1829లో చెన్నపట్టణముననే అచ్చు వేయించెను. ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో ఇచ్చటనే వెలువడినది.

ఇచ్చట ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. మన గొప్పను చూపుటయనగా ఇరుగుపొరుగువారిని చిన్నచేయుట కాదు. బ్రౌను తెలుగునకు చేసిన సేవను తమిళమునకు ఉ. వే. స్వామినాథయ్యరుగారు చేసిరి. ఊరూర తిరిగి, చెదలు తినుచున్న తాటాకులను తెచ్చి, శుద్ధప్రతులు తీర్చి అచ్చు వేయించిరి. ఆయన ఉపన్యాసకులుగా నుండిన ప్రెసిడెన్సీ కళాశాలలో, సముద్రమునకు అభిముఖముగా ఆయన విగ్రహము కలదు. మెరీనాకు పోవు పిల్లలు ఆ విగ్రహము క్రింది తమిళాక్షరములను తామే చదువవలెను. తమిళము చదువరాని తెలుగు పిల్లవాడు ఇక్కడ సగము గ్రుడ్డివాడు.

మైలాపూరు ప్రాంతమునకు పోవువారు రాయపేట హైరోడ్డులోని పొట్టి శ్రీరాములుగారి స్మారకభవనమునకు పోక తప్పదు. ఆంధ్రరాష్ట్రము కొరకు 1952 అక్టోబరు 19న నిరాహారదీక్ష పూని 58 దినములకు, డిసెంబరు 15న ఆయన అసువులు బాసిరి. 1953 అక్టోబరు 1న రాష్ట్రమేర్పడినది. కాని ఆ త్యాగమునకు ఫలమైన రాష్ట్రములో నేడు మన యూళ్ళు లేవు. 1960 ఏప్రిల్ 1న ఎల్లలు సవరించినప్పుడు తిరుత్తణి ప్రాంతము చిత్తూరు జిల్లానుండి విడిపోయి మద్రాసు రాష్ట్రమున చేరెను. ఆ యింట నిలిచి మన పిల్లలు “మరి మనమేమగుదుము?” అని అడుగుదురు. నన్నడిగిరి కూడ. ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పక, ఆ యేండ్లను వరుసగా వ్రాసికొమ్మనుట మంచిది. ఇంటికి పోయి తాతలను అడిగినచో ఆనాటి విషయములు కొన్ని దొరకును. అవి ఏ పుస్తకములోను లేవు.

కోటను బయటినుండి చూచిన చాలును. ఆ నేలను 1639లో ఇంగ్లీషు వర్తకులకిచ్చినవాడు దామెర్ల వెంకటాద్రి నాయకుడనియు, అతని తండ్రి చెన్నప్ప పేరనే చెన్నపట్టణమనిరనియు చెప్పి ముందుకు సాగవచ్చును.

సాయంకాలము సముద్రము. అచ్చట పాఠము వలదు. బజ్జీలు తిననిండు, ఇసుకలో పరుగెత్తనిండు. కాని నీటిలోనికి మాత్రము దిగనీయరాదు. మెరీనా ఒడ్డు కొద్ది అడుగులలోనే లోతగును. లాగు ప్రవాహమునకు ఈతగాండ్రును నిలువలేరు. ఈ విషయమున తల్లిదండ్రులెంత బ్రతిమాలినను నేనొప్పుకొనను.

వ్యయమును గూర్చి: బస్సు కుదుర్చుకొనుట యేల? లోకలు రైలులో సెంట్రలు వరకు పోయి, అచ్చటినుండి మెట్రో రైలులో ఎక్కినచో మరుసటి స్టేషనే ఎగ్మూరు. ఇంటినుండి పులిహోరయు పెరుగన్నమును కట్టుకొని పోవచ్చును. ప్రతి పిల్లవానికి ఒక నోటుపుస్తకము, ఒక పెన్సిలు. సెల్ఫోనులు ఉపాధ్యాయులకడ నుండిన చాలును. ఛాయాచిత్రము తీసికొన్నవాడు ఇక చూడనక్కరలేదనుకొనును. మ్యూజియమునకు శుక్రవారము సెలవు గనుక, ఈ యేడు యాత్రను గురువారమునకు నిర్ణయింపవలసినదిగా తల్లిదండ్రుల సమావేశమున ప్రతిపాదింపనున్నాను.